కొండల్లో పద్దు: చదివే కళ్లెవరివి?

మారేడుమిల్లి కొండల్లో డబ్బు చరిత్రని బ్యాంకుతో కాదు, 1879 రంప ఫితూరీతో మొదలుపెట్టాలి. కల్లు మీద పన్ను, మన్సబ్దారు దోపిడీతో పాటు మైదానపు షావుకార్ల మోసపు ఒప్పందాలు కూడా ఆ తిరుగుబాటుకి కారణం. కొండవాళ్లు కోర్టుకి రాకుండానే షావుకార్లు ఏకపక్ష డిక్రీలు తెచ్చుకున్నారు, ఆస్తులు జప్తు చేశారు. పద్దు ఒకరిది, చదివేది ఇంకొకరు.

1956లో గిరిజన సహకార సంస్థ, 1960లో ఏజెన్సీ వడ్డీ వ్యాపారుల నియంత్రణ చట్టం, 1969లో 14 బ్యాంకుల జాతీయీకరణ వచ్చాయి. బ్యాంకుతో పాసుపుస్తకం వచ్చింది. మా దళిత వాడలో పాసుపుస్తకాలు మొదట చదివింది బడికెళ్లిన మేమే. తప్పుంటే అది పట్టుకెళ్లి నిలదీసేవాళ్లం. అది చేతిలో ఉన్న సాక్ష్యం.

2014లో జనధన్ ఖాతాలు, 2016లో యూపీఐ, అదే ఏడాది నవంబరులో నోట్ల రద్దు. పద్దు ఫోనులోకి పోయింది. యాప్‌తో బస్సు ఛార్జీ, కూలిపోయే రోజు మిగులుతాయి, నిజమే. కానీ అక్షరం రాని అవ్వ తన పిన్ నంబరుని దుకాణదారుకి చెప్పాల్సివస్తే, ఆ పద్దు మళ్లీ పరాయి చేతికి పోయినట్టే కదా?

మేము యాప్ వద్దనడం లేదు. ఖాతాదారు తన లెక్క తానే చదువుకోగలిగేదాకా పాసుపుస్తకాన్నీ, బ్యాంకు శాఖనీ తీసెయ్యొద్దంటున్నాం.