చెఱువు మట్టి కథ



నేడు నేను చెప్పబూనినది రాజుల కథ కాదు, మట్టి కథ. రాజులు నడుమ నడుమ వత్తురు, పోవుదురు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో రేగడి నేల అక్కడక్కడ కలదు గాని, చాల భాగము చెల్క. ఇసుకపాలు హెచ్చుగా గల ఆ యెఱ్ఱనేల వేగముగ తడియును, అంతకంటె వేగముగ ఆరును. వాన పదిదినములు మొగము చాటుచేసిన పైరు తలవాల్చును. ఇట్టి సీమలో వరి పండెనన్న అది చెఱువుల చలువయే. చెఱువు నీరిచ్చునని అందఱు నెఱుగుదురు. అది మట్టిని గూడ ఇచ్చునను మాట మఱుగున పడిపోయినది.

వాన కురిసినపుడు మిట్టచేల పైమన్ను కరగి వాగులోనికి, వాగునుండి చెఱువులోనికి దిగును. గులకయు దొడ్డయిసుకయు నీరు ప్రవేశించు చోటనే ఆగిపోవును. సన్నని బంకమన్నును, కుళ్ళిన ఆకు అలముల సారమును నీటితోపాటు కట్టదాక సాగి, నీరు నిలుకడ చెందిన పిమ్మట మెల్లగా అడుగున పేరుకొనును. కావున చెఱువులోని పూడిక యెవరి సొమ్మో కాదు. మన చేలు పోగొట్టుకొన్నదే. చెల్కలో నేది తక్కువయో పూడికలో నదియే యెక్కువ. వేసవిలో చెఱువెండగా దానిని త్రవ్వి బండ్లకెత్తి చేలకు తోలినచో, చెఱువున నీటికి చోటు పెరుగును, చేనికి తేమ నిలుపుకొను బలము వచ్చును. అప్పును అసలుతో తీర్చుకొనుట యిది.

చెఱువును త్రవ్వించుట యీ సీమలో ఎంత పాతదో చూపుటకు రాతిపై వ్రాసిన సాక్ష్యమున్నది. గంగాధర దగ్గఱ కుఱిక్యాల గ్రామమున బొమ్మలగుట్ట కలదు. వేములవాడ చాళుక్యుల కాలమున, క్రీ. శ. 945 ప్రాంతమున, పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు ఆ గుట్టపై శాసనము చెక్కించెను. సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును అందు గలవు. అందలి తెలుగు కందపద్యములు మూడింటిని పండితులు తలకెత్తుకొందురు, అది యుచితమే. అయితే రైతు గమనింపవలసిన విషయము వేఱొకటి గలదు. జినవల్లభుడు గుడి కట్టించుటతో ఆగక, అన్నగారి బిరుదుపేర కవితాగుణార్ణవమను చెఱువును, మదనవిలాసమను తోటను ఏర్పఱచినట్లు ఆ శాసనమే చెప్పుచున్నది. గుడి, చెఱువు, తోట ఈ మూడును ఒక్క పుణ్యములో చేరిన కాలమది. అట్టి గుట్టకును ఈ కాలమున గ్రానైటు త్రవ్వకముల బెడద తప్పినది కాదు.

తరువాత కాకతీయులు వచ్చిరి. జగిత్యాల చెంతనున్న పొలాస నేలిన మేడరాజును రుద్రదేవుడు జయించిన సంగతి 1163 నాటి హనుమకొండ శాసనమున గలదు. కాకతీయుల చెఱువుల ఖ్యాతి మీకు క్రొత్తగా చెప్పనక్కఱలేదు. కట్టించుటకంటె నిలుపుట కష్టము. దానికై మన పూర్వులు దశబంధమను నేర్పాటు చేసిరి. చెఱువు కట్టించిన వానికో, గండి పూడ్చి బాగుచేసిన వానికో, ఆయకట్టులో కొంత భూమిపై హక్కు నిచ్చుట దాని స్వరూపము. తూము తెఱచుటకు, మత్తడి చూచుటకు, రాత్రివేళ కట్టపై తిరుగుటకు నీరటివాడుండెను.

ఇంతవఱకు చెప్పి ఊరకున్నచో కథ తియ్యగా నుండును, సత్యము మాత్రము సగమే యగును. ఆ తట్ట యెవరు మోసిరి? నిజాము రాజ్యమున దొరల గ్రామములలో ఇట్టి పనులెన్నో వెట్టిపై నడచినవి. కట్టకు మన్ను పోసినవాడు, దొర చేనికి పూడిక తోలినవాడు కూలి యెఱుగడు. ఆ మట్టి తన చేనికి తెచ్చుకొందమన్న వానికి చేనే లేదు. వెనుకటి కట్టుబాటును పొగడునపుడు మనమీ సంగతిని దాటవేయుట న్యాయము కాదు. జాగీరులు 1949లో రద్దయ్యెను గాని, మన తాలూకాలలో వెట్టి వెంటనే పోలేదు. 1978 సెప్టెంబరులో జరిగిన జగిత్యాల జైత్రయాత్రలో వేలాది కూలీలు, రైతులు కదలి వచ్చిరి. వెట్టి పోవలెననియు, దొరల చేతిలోనున్న బంజరు భూములు పేదలకు దక్కవలెననియు ఆ ఉద్యమము కోరెను. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వము కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను.

వెట్టి పోవుట మంచిదే. పోయినది వెట్టియొక్కటే కాదనుట విచారకరము. వెట్టితో నడచిన పనిని కూలి యిచ్చి నడపు నేర్పాటు వెంటనే పుట్టలేదు. తట్ట దింపినవాని తప్పు ఇందు లేదు. కూలి చూపనివారిదే తప్పని నా అభిప్రాయము. 1984లో పటేలు పట్వారీ పదవులు రద్దయ్యెను. నీరటివారు గ్రామసేవకులుగ మిగిలిరి గాని వారి పని నానాటికి కాగితములవైపు మరలెను. 2023లో వారిని వేర్వేఱు శాఖలలో సర్దిరి. ఈలోపల బోరుబావి వచ్చెను. ఎవని నీరు వాని చేనిలోనే దొరకుచున్నదని తోచినపుడు ఊరుమ్మడి చెఱువుపై కన్ను తప్పును. ఆ బోరునకు నీరూరుట గూడ చెఱువు నిండుటపైననే కొంత యాధారపడియున్నదని పలువురకు తోచలేదు. సారమునకు మాఱుగ యూరియా బస్తా వచ్చెను. అది పైరునకు పచ్చదన మిచ్చును గాని, ఇసుకకు బంక నీయజాలదు.

పెద్ద ప్రాజెక్టు మాటయు చెప్పవలెను. 1963 జూలై 26వ తేదీన నెహ్రూగారు పోచంపాడునందు శంకుస్థాపన చేసిరి. దాని కాకతీయ కాలువ జగిత్యాల ప్రాంతము మీదుగా పోవుచు లక్షల యెకరములను తడుపుచున్నది. అది గొప్ప మేలు. అయినను ఆ శ్రీరామసాగరము గూడ చెఱువే. దానిలోనికిని పూడిక వచ్చుచున్నది. మొదట 112 శతకోట్ల ఘనపుటడుగుల నీరు పట్టునని కట్టిన జలాశయము, తరువాతి కొలతలలో 90కిని, పిమ్మట 80కిని చేరువగ దిగినది. ఐగుప్తు దేశమున నైలునది ప్రతియేట ఒండ్రు తెచ్చి పొలములపై పఱచెడిది. 1970లో ఆస్వాను పెద్ద ఆనకట్ట పూర్తియైన పిదప ఆ యొండ్రు జలాశయమున నిలిచిపోయినది, రైతు ఎరువు కొనవలసి వచ్చినది. ఊరిచెఱువునకు పెద్ద జలాశయమునకు గల భేద మిక్కడ నున్నది. ఊరిచెఱువు పూడికను బండి యున్నవాడు తీసికొని రాగలడు. శ్రీరామసాగరపు పూడికను ఏ రైతు ఏ బండిపై తేగలడు?

2015 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వము మిషన్ కాకతీయ యను పేరున 46 వేలకు పైగా చెఱువుల పునరుద్ధరణకు పూనెను. త్రవ్వు ఖర్చు ప్రభుత్వముది, తోలు ఖర్చు రైతుది. పూడిక తిరిగి చేలకెక్కెను. అయితే ట్రాక్టరు కిరాయి పెట్టుకొనగలవానికే మట్టి సులభముగ దక్కును. చెఱువునకు దూరముగ ఎకరమో అరయెకరమో గల చిన్నరైతునకు అది అందనిదే. ఎవరి చేనికి ఎన్ని బండ్లని గ్రామసభలో ముందుగ తేల్చుకొనుట అందువలన అవసరము.

కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు రైతులకు నేల విలువ చెప్పవలసిన పని లేదు. పసుపు నేలసారమును బాగుగ లాగును. పశువుల యెరువు వేయుట, గొఱ్ఱెలమంద పెట్టించుట, వరిమడిలో కానుగాకు, జిల్లేడు త్రొక్కించుట మన వాడుకలే. పూడిక వీనికి మాఱు గాదు, తోడు.

పూడిక త్రవ్వుటలో కొన్ని జాగ్రత్తలు గలవు. కట్ట మొదలు త్రవ్వరాదు. కట్ట బలము పోవును. తూము మట్టముకంటె లోతునకు పోరాదు. అచటి నీరు కాలువ కెక్కదు. అడుగున గట్టిపడిన బంకపొరను చీల్చినచో నీరు నిలువక ఇంకిపోవును. చవుడు గల చెఱువు మట్టిని చేనికి తోలరాదు. రేగడి చేనికి పూడిక పెద్దగా అక్కఱలేదు. మంచి మట్టి యేదో తెలియుటకు సులువైన ఉపాయ మున్నది. గాజుసీసాలో గుప్పెడు మట్టి వేసి, నీరు పోసి, బాగుగ కుదిపి ఒకదినము కదలక ఉంచవలెను. ఇసుక అడుగునను, దానిపై మెత్తని ఒండ్రును, అన్నిటికి పైన బంకయు పొరలుగ నిలుచును. పై పొర దళసరిగ నున్న మట్టి చెల్కకు తగినది. పిమ్మట ఆ మట్టిని, చేని మట్టిని వేర్వేఱు సంచులలో కట్టి పరీక్షకు పంపవచ్చును. మేడరాజు కోట యుండిన పొలాసలోనే నేడు వ్యవసాయ పరిశోధన స్థానము గలదు. జగిత్యాల సన్నాలను వరి పుట్టినదియు అచ్చటనే.