సీలేరు–బార్సూర్ ఏకముఖ విద్యుత్ మార్గం: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

జలవిద్యుత్తు కొండల్లో, అడవుల్లో ఉత్పత్తి అవుతుంది. దాన్ని వినియోగించే నగరాలు, కర్మాగారాలు దూరంగా ఉంటాయి. ఈ దూరాన్ని ఏకముఖ ప్రవాహంతో దాటే ప్రయత్నం 1882లోనే జర్మనీలో మీస్‌బాఖ్–మ్యూనిక్ మధ్య జరిగింది. అయితే ట్రాన్స్‌ఫార్మర్ రాకతో ఏకాంతర ప్రవాహానిదే పైచేయి అయింది. 1954లో స్వీడన్ ప్రధాన భూభాగం నుండి గాట్లండ్ ద్వీపానికి సముద్రగర్భ కేబుల్ ద్వారా 20 మెగావాట్లు పంపడంతో ఏకముఖ ప్రసారం వాణిజ్యపరంగా పునరుజ్జీవం పొందింది. భారతదేశంలో ఈ విద్యకు తొలి ప్రయోగశాల తెలుగు నేలపై ఉన్న దిగువ సీలేరు.

నేపథ్యం

నాలుగు 115 మెగావాట్ల యంత్రాలతో, మొత్తం 460 మెగావాట్ల సామర్థ్యం గల దిగువ సీలేరు కేంద్రం 1970వ దశకం ద్వితీయార్ధంలో ఉత్పత్తి ప్రారంభించింది. బస్తర్ ప్రాంతంలోని బార్సూర్ అప్పటి మధ్యప్రదేశ్‌లో, పశ్చిమ గ్రిడ్ పరిధిలో ఉండేది. దక్షిణ, పశ్చిమ గ్రిడ్‌లు వేర్వేరు ఫ్రీక్వెన్సీలతో నడిచేవి. రెండింటినీ ఏకాంతర మార్గంతో కలపాలంటే ఫ్రీక్వెన్సీ, దశ ఏకీభవించాలి. లేకుంటే ఒక వైపు ఒడిదుడుకు రెండో వైపునూ కుదిపేస్తుంది. ఏకముఖ మార్గానికి ఆ నిర్బంధం లేదు. ఒక చివర థైరిస్టర్ వాల్వులు ఏకాంతర ప్రవాహాన్ని ఏకముఖంగా మారుస్తాయి, మరో చివర తిరిగి ఏకాంతరంగా మారుస్తాయి. ప్రవహించే శక్తి పరిమాణాన్ని, దిశను నియంత్రణ వ్యవస్థే నిర్ణయిస్తుంది.

అమలు

సీలేరు–బార్సూర్ మధ్య 196 కి.మీ. పొడవున్న జంట సర్క్యూట్ ఏకాంతర లైనులో ఒక సర్క్యూట్‌ను ఏకముఖ ప్రసారానికి మార్చారు. కొత్త స్తంభాల వ్యయం తప్పడంతో దృష్టి పరివర్తక కేంద్రాలపై నిలిచింది. భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ పరికరాలను దేశీయంగా రూపొందించింది. 1989లో 100 కిలోవోల్ట్‌లు, 100 మెగావాట్ల స్థాయిలో తొలి దశ పని ప్రారంభించింది. తరువాతి దశల్లో వోల్టేజిని, సామర్థ్యాన్ని పెంచాలన్నది ప్రణాళిక.

పరిశీలన

ఆ తరువాతి భారీ మార్గాలు ప్రధానంగా బొగ్గు కేంద్రాల విద్యుత్తుకే ఉద్దేశించినవి: 1990ల ఆరంభంలో రిహాంద్–దాద్రీ, 2003లో తాల్చేర్–కోలార్. ఈశాన్య భారత జలవిద్యుత్తును దృష్టిలో ఉంచుకొని నిర్మించిన, సుమారు 1,700 కి.మీ. బిశ్వనాథ్ చారియాలి–ఆగ్రా మార్గం 2015లో గాని రాలేదు. ఈలోగా 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్ జాతీయ గ్రిడ్‌తో ఏకాంతర మార్గంలోనే అనుసంధానమైంది. రెండు గ్రిడ్‌ల ఫ్రీక్వెన్సీ భేదమే తొలగిపోయింది.

ముగింపు

మోసిన మెగావాట్లతో మాత్రమే కొలిస్తే సీలేరు–బార్సూర్ చిన్న మార్గం. కాని పరివర్తకాలను దేశంలోనే తయారుచేసి, నడుస్తున్న గ్రిడ్‌ల మధ్య పరీక్షించిన అనుభవం దానిది. విద్యుత్ చరిత్ర రచనలో జలాశయాలకు, యంత్రాలకు దక్కిన స్థానం ప్రసార మార్గాలకు దక్కలేదు. దిగువ సీలేరు చరిత్రను కేంద్రం గోడల వద్ద ఆపక, బార్సూర్ దాకా చదవవలసిన అవసరం ఉంది.