వాషింగ్టన్ రాష్ట్రంలో వేతనంతో కూడిన కుటుంబ సెలవు బీమా

కాన్పు, దత్తత, కుటుంబ సభ్యుల తీవ్ర అనారోగ్యం వంటి సమయాలలో కార్మికులు ఆదాయం కోల్పోకుండా సెలవు పొందుటకు ఉద్దేశించినదే కుటుంబ సెలవు బీమా. అమెరికాలో 1993 నాటి ఫెడరల్ చట్టం అర్హులకు 12 వారాల సెలవు కల్పించినను, ఆ కాలానికి వేతనం చెల్లించవలెనన్న నిబంధన లేదు.

ఈ లోటు తీర్చుటకు వాషింగ్టన్ రాష్ట్రం 2007లో ఒక చట్టం చేసినది. బిడ్డ పుట్టినప్పుడు, దత్తత స్వీకరించినప్పుడు తల్లిదండ్రులకు 5 వారాలపాటు వారానికి 250 డాలర్లు చెల్లించవలెనని నిర్ణయించినది. అయితే అందుకు నిధులు ఎక్కడి నుండి రావలెనో నిర్దేశించలేదు. 2009లో మొదలు కావలసిన చెల్లింపులు పలుమార్లు వాయిదా పడి, ఆ చట్టం క్రింద ఒక్క కుటుంబానికైనను సొమ్ము అందలేదు.

2017లో చేసిన కొత్త చట్టం ఈ లోపాన్ని సరిదిద్దినది. 2019 జనవరి నుండి వేతనంపై ప్రీమియం విధించబడినది; తొలుత అది 0.4 శాతంగా ఉండెను. దీనిని కార్మికులు, యజమానులు పంచుకొందురు. 50 మందికన్న తక్కువ సిబ్బంది గల యజమానులకు తమ వాటా నుండి మినహాయింపు కలదు. ఒక సంవత్సరం నిధి సమకూరిన పిదప, 2020 జనవరిలో చెల్లింపులు ప్రారంభమైనవి.

అర్హతా కాలంలో 820 గంటలు పనిచేసినవారు సాధారణంగా 12 వారాల వరకు ఈ సెలవు పొందవచ్చును. అల్ప వేతన కార్మికులకు వేతనంలో 90 శాతం వరకు లభించును. భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, అత్తమామలు, తోబుట్టువుల సంరక్షణకు కూడా ఇది వర్తించును. సియాటిల్, రెడ్మండ్ ప్రాంతాల సంస్థలలో పనిచేయు తెలుగువారికిని ఇవే నియమాలు వర్తించును.

హక్కును చట్టంలో వ్రాసినంత మాత్రాన చాలదని, దానికి స్థిరమైన నిధి తోడు కావలెనని ఈ 13 సంవత్సరాల అనుభవం తెలియజేయుచున్నది.