వారాల నుంచి వసతి గృహాల దాకా: ఉత్తరాంధ్రలో పరాయి ఊరి విద్యార్థి

ఊరుకాని ఊరు వెళ్ళి చదువుకునే పిల్లవాడికి గురువు కన్నా ముందు కూడు, గూడు దొరకాలి. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో ఈ రెంటి భారాన్నీ మొదట గృహస్థులు మోశారు, తరవాత సంస్థానం పంచుకుంది, చివరికి ప్రభుత్వం నెత్తికెత్తుకుంది. అన్నం ఎవరు పెట్టారన్నదాన్ని బట్టే ఎవరి పిల్లలు చదువుకోగలిగారన్నదీ తేలింది. అందుకే ఇక్కడి చదువుల చరిత్రను బడుల నుంచే కాక విద్యార్థి విస్తరి నుంచి కూడా చూడాలి.

విహారాలు, అగ్రహారాలు

వంశధార ఒడ్డున కళింగపట్నానికి దగ్గరలోని శాలిహుండం, విజయనగరం పక్కన రామతీర్థంలోని గురుభక్తులకొండ, భీమిలి దారిలోని తొట్లకొండ బౌద్ధుల కాలంలో ధర్మాధ్యయన కేంద్రాలు. తొట్లకొండ తవ్వకాల్లో స్తూపంతో పాటు భిక్షువుల గదుల వరసలు, నీటి తొట్లు, అందరూ కలిసి భోంచేసే శాల బయటపడ్డాయి. చదువుకునేవారికి ఒకేచోట తిండి, పడక ఏర్పాటు చేయడం ఈ తీరంలో అంత పాతది.

ఆ తరవాత కళింగనగరం, అంటే నేటి ముఖలింగం, రాజధానిగా ఏలిన తూర్పు గాంగులు వేదపండితులకు అగ్రహారాలు దానం చేసినట్టు వారి రాగిశాసనాలు చెబుతాయి. భూమి పండితుడిది, పంట పండితుడింటిది, ఆ ఇంట్లో ఉండి చదువుకునే శిష్యుడి భోజనం కూడా ఆ పంటలోంచే. గురువింట నీళ్ళు తోడడం, పూలు కోయడం, పశువులకు గడ్డి వేయడం శిష్యుడి వంతు. రుసుము మాట లేదు, కానీ ఆ గడప తొక్కే అర్హత పుట్టుకతోనే తేలిపోయేది.

విజయనగరం చదువుల ఊరైన తీరు

సంస్థానాధీశులైన పూసపాటివారు 1713లో విజయనగరం కోట కట్టించారు. 1794లో పద్మనాభం యుద్ధంలో చిన విజయరామరాజు మరణించాక సంస్థానానికి కత్తి పని తగ్గిపోయింది. పందొమ్మిదో శతాబ్దంలో ఆ వంశపు రాజులు కొలువుకు పండితుల్ని, గాయకుల్ని చేరదీశారు. 1857లో మహారాజావారి ఇంగ్లీషు బడి మొదలైంది. అది 1868లో హైస్కూలు, 1879లో కళాశాల అయింది. 1860లో సంస్కృత కళాశాల వచ్చింది. తాతా సుబ్బరాయశాస్త్రి వంటి వ్యాకరణ పండితుల పేరు విని దూరప్రాంతాల నుంచి శిష్యులు వచ్చేవారు. 1890ల్లో రైలు మార్గం పడటంతో రాకపోకలు ఇంకా సులువయ్యాయి.

బడులు పెట్టారు గాని వచ్చినవాళ్ళందరికీ పడకలు, పొయ్యిలు పెట్టలేదు. బస వెతుక్కోవడం విద్యార్థి పనే. అందుకు ఉన్న దారులు కొన్నే. చుట్టాలిల్లు, గురువిల్లు, రోజుకొక ఇంట తినే వారాలు, సత్రం, డబ్బుంటే పూటకూళ్ళిల్లు, లేకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి గది తీసుకుని చేతివంట. చేతివంట పిల్లలు శనివారం ఊరెళ్ళి బియ్యం మూట, ఊరగాయ జాడీతో తిరిగొచ్చేవారు.

చుట్టాలిల్లు, గురువిల్లు

ఒకే కాలంలో విజయనగరంలో చదువుకున్న ఇద్దరు పిల్లల కథలు మొదటి రెండు దారుల్ని చూపిస్తాయి. గిడుగు రామమూర్తి 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1875లో తండ్రి పోయాక బంధువుల అండతో మహారాజావారి బడిలో చేరి, 1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. గురజాడ అప్పారావు 1862లో ఎస్. రాయవరంలో పుట్టి, తండ్రి ఉద్యోగం చేసిన చీపురుపల్లిలో తొలి చదువులు చదివారు. తండ్రి మరణించాక విజయనగరం వచ్చిన ఆయనకు కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖరశాస్త్రి తన దగ్గరే ఉచితంగా బస, భోజనం ఇచ్చారు. గురజాడ 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఏ. పూర్తిచేసి, అదే ఏడాది అక్కడి హైస్కూల్లో 25 రూపాయల జీతానికి ఉపాధ్యాయుడయ్యారు. వ్యావహారిక భాషోద్యమానికి తరవాత రెండు స్తంభాలైన ఈ సహాధ్యాయులిద్దరూ తండ్రిలేని పిల్లలుగానే ఆ ఊళ్ళో చదువుకున్నారు.

పరాయి ఊరి చదువుల వేళాకోళం కూడా గురజాడ చేతిలోనే అచ్చుకెక్కింది. 1892లో విజయనగరంలో ప్రదర్శించి 1897లో అచ్చువేసిన ‘కన్యాశుల్కం’లో వెంకటేశం కృష్ణరాయపురం అగ్రహారం నుంచి ఇంగ్లీషు చదువుకు పట్నం వచ్చిన కుర్రాడు. పరీక్ష తప్పుతాడు. సెలవులకు ఇంటికి పోతూ, తన గురువుగా చలామణీ అయ్యే గిరీశాన్ని చదువు చెప్పే నెపంతో వెంట తీసుకుపోతాడు. ఇంగ్లీషు చదువుకయ్యే ఖర్చు మీద తండ్రి అగ్నిహోత్రావధాన్లు విసుక్కుంటుంటే, కొడుకు ఉద్యోగం మీద ఆశతో తల్లి వెంకమ్మ వెనకేసుకొస్తుంది. గిరీశానికి ఆశ్రయమిచ్చిన పూటకూళ్ళమ్మ కూడా ఆ పట్నంలో నిజంగా ఉన్న ఒక బతుకుతెరువుకు ప్రతినిధి. డబ్బు తీసుకుని పూటపూటకూ అన్నం పెట్టే ఆ ఇళ్ళను తరచుగా వితంతువులే నడిపేవారు. ప్లీడర్ల గుమాస్తాలు, కోర్టు పని మీద వచ్చినవాళ్ళు, కలిగినింటి విద్యార్థులు అక్కడ తినేవారు.

వారాల కట్టుబాటు

పేద బ్రాహ్మణ విద్యార్థికి అన్నిటికన్నా పెద్ద ఆధారం వారాలు. ఊరికి కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి తెలిసిన పెద్దమనిషి వెంటబెట్టుకుని నాలుగిళ్ళు తిప్పేవాడు. ఆదివారం ఒకరింట, సోమవారం మరొకరింట, ఇలా ఏడు రోజులకు ఏడిళ్ళు కుదిరితే వారాలు నిండినట్టు. అయిదే కుదిరితే మిగిలిన రెండు రోజులు సత్రమో, చద్దన్నమో, పస్తో. అలా తినే కుర్రాణ్ణి వారాలబ్బాయి అనేవారు.

ఈ ఏర్పాటుకు కాగితం లేదుగాని కట్టుబాట్లున్నాయి. స్నానం చేసి, మడిబట్టతో, వేళకు గడపలో ఉండాలి. వడ్డించింది వంక పెట్టకుండా తినాలి. ఆ ఇంట పురుడో మైలో వస్తే ఆ వారం తప్పిపోతుంది, వేరే చోటు చూసుకోవాలి. పండగ వచ్చిన రోజు ఎవరి వారమైతే వారింట పిండివంట. బదులుగా అడగకపోయినా కుర్రాడు బావిలో నీళ్ళు తోడి పెట్టేవాడు, బజారు పని చేసేవాడు, ఆ ఇంటి పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు. పడక వేరే చూసుకోవాలి. వీధి అరుగు, గుడి మంటపం, బడి వరండా ఏదైనా సరే. ఆముదం దీపం దగ్గరో, తరవాతి రోజుల్లో కిరసనాయిలు దీపం దగ్గరో చదువు సాగేది.

ఏడిళ్ళ భోజనం వల్ల ఏ ఒక్క ఇంటికీ భారం తెలియదు. ఆ ఏడిళ్ళూ ఒకరికొకరు తెలిసినవే కావడం వల్ల కుర్రాడి నడత మీద ఏడు జతల కళ్ళుండేవి. మాట పడితే ఒక్క వారం కాదు, అన్ని వారాలూ ఒక్కసారే పోయేవి.

సంగీత కళాశాల, మాధుకరం

1919 ఫిబ్రవరి 5న విజయనగరంలో విజయరామ గానపాఠశాల, అంటే తరవాతి సంగీత కళాశాల, మొదలైంది. దర్బారు ఉద్యోగి చాగంటి జోగారావు కుమారుడు గంగబాబుకు చూపు లేదనీ, అతనికి సంగీతం నేర్పించే ఆలోచనే ఈ బడిగా మారిందనీ చెబుతారు. తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. అప్పటికి 26 ఏళ్ళయినా నిండని ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడికి విద్యార్థిగా చేరడానికే వచ్చారనీ, ఆయన వాయులీనం విని దాసుగారు ఏకంగా అధ్యాపకుణ్ణి చేశారనీ ప్రతీతి. నాయుడుగారు 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. సంగీతం నేర్చుకోవాలనుకున్న తెలుగు పిల్లలకు చాలాకాలం ఆ ఊరే గమ్యమైంది. పిఠాపురం ప్రాంతం నుంచి నేదునూరి కృష్ణమూర్తి 1940లో వచ్చి చేరారు.

అంతకు కొన్నేళ్ళ ముందు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు అనుభవంలో పరాయి ఊరి విద్యార్థి ఎదుర్కొనే కష్టాలన్నీ కనిపిస్తాయి. 1922లో చౌటపల్లిలో పుట్టిన ఆయన చేతి ఉంగరం అమ్ముకుని ఆ డబ్బుతో రైలెక్కారు. తీరా వచ్చేసరికి వేసవి సెలవులు, కళాశాల మూసి ఉంది. ఆవరణలో పడుకోవడానికి అనుమతి దొరికింది, వారాలు కుదిరాయి. తోటివాళ్ళ తప్పు తన మీద పడటంతో బస పోయింది. వెంటనే వారాలిచ్చే ఇళ్ళవాళ్ళూ రావద్దన్నారు. ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్న ఆయనను సాలూరుకు చెందిన గాత్ర విద్వాంసుడు పట్రాయని సీతారామశాస్త్రి చేరదీసి, ఉచితంగా పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు. శాస్త్రిగారిది కూడా లేమే. పాఠం చెప్పగలిగారు గాని రెండు పూటలా అన్నం పెట్టే శక్తి లేదు.

అప్పుడు మిగిలిన దారి మాధుకరం. భుజాన జోలె కట్టి వీధివీధీ తిరిగి, ఇంటికొక ముద్ద చొప్పున పోగుచేసుకోవడం. ఉదయం తెచ్చిన అన్నంలో సగం రాత్రికి గుడ్డలో మూటకట్టి ఉంచితే చీమలు పట్టేవి. డబ్బా కొనడానికి చేతిలో కాసు లేక మేనమామకు ఉత్తరం రాశారు. ఆయన పంపిన డబ్బుతో డబ్బా కొన్నాక గాని రాత్రి అన్నం దక్కలేదు. సెలవుల తరవాత కళాశాలలో చేరి, శాస్త్రిగారి దగ్గరే ఘంటసాల విద్య పూర్తిచేశారు.

వారాలకూ మాధుకరానికీ తేడా ఉంది. వారంలో ఇంటివారు పేరు పెట్టి పిలుస్తారు, విస్తరి వేస్తారు. మాధుకరంలో గడప బయటే నిలబడాలి. శాస్త్రం రెండోదాన్నీ బ్రహ్మచారి ధర్మమనే చెప్పింది గాని, ఇరవయ్యో శతాబ్దపు పట్నంలో అది బిచ్చంగానే కనిపించేది.

విస్తరి అందనివాళ్ళు

వారాలు ఎందరినో విద్వాంసుల్ని చేశాయన్నది ఎంత నిజమో, ఆ పంక్తి చాలామందికి అందలేదన్నదీ అంతే నిజం. వంటింటి మడి ఉన్న ఇంట్లో మరో కులం పిల్లవాడికి వారం లేదు. దళితులకు ఆ వీధిలో అడుగే లేదు. ఆడపిల్ల పరాయి ఊళ్ళో వారాలు తిని చదువుకోవడం ఊహకే రాని మాట. అన్నం ఇళ్ళ నుంచి రావలసిన రోజుల్లో ఇళ్ళ కట్టుబాట్లే చదువుకు హద్దులయ్యాయి.

ఆ హద్దును దాటినవారిలో గిడుగు రామమూర్తి ముఖ్యులు. పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా ఉండగా కొండల్లోని సవరలను తన ఇంటికి రప్పించి, అన్నం పెట్టి, వారి భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు నడిపారు. సవర వాచకాల పనికి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. కొండ దిగి వచ్చిన విద్యార్థికి బసతో పాటు భాష కూడా కావాలన్న సంగతిని ఆ కాలంలోనే గుర్తించిన మనిషి ఆయన.

ప్రభుత్వ వసతి గృహాలు

స్వాతంత్ర్యం వచ్చాక ఈ బాధ్యత క్రమంగా ప్రభుత్వం చేతికొచ్చింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడ్డాయి. జమీందారీలు రద్దయ్యాయి. పూసపాటి వంశానికి చెందిన పి.వి.జి. రాజు 1958లో మాన్సాస్ ట్రస్టు స్థాపించి మహారాజావారి విద్యాసంస్థలను దాని కిందికి తెచ్చారు. తాలూకా కేంద్రాల్లో సాంఘిక సంక్షేమ వసతి గృహాలు, తరవాత వెనుకబడిన తరగతుల వసతి గృహాలు, బాలికలకు విడిగా వసతి గృహాలు వచ్చాయి. వార్డెను, హాజరుపట్టీ, మెస్ ఛార్జీలు, దుప్పటి, పెట్టె అన్న కొత్త మాటలు విద్యార్థి జీవితంలోకి వచ్చాయి.

కొండ ప్రాంతంలో మార్పు వెనక పోరాటం ఉంది. 1960ల చివర శ్రీకాకుళం గిరిజన పోరాటాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళు. పోరాటం అణిగిపోయాక, నాలుగో పంచవర్ష ప్రణాళిక కాలంలో దేశంలో ప్రయోగాత్మకంగా పెట్టిన ఆరు గిరిజనాభివృద్ధి సంస్థల్లో ఒకటి శ్రీకాకుళానికి దక్కింది. ఆ తరవాత సీతంపేట, పార్వతీపురం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) కింద ఆశ్రమ పాఠశాలలు పెరిగాయి. సవర, జాతాపు పిల్లలకు బడీ, పడకా, పొయ్యీ ఒకే ఆవరణలో దొరికాయి. వారాల్లో నడతను చూసిన ఏడు జతల కళ్ళ స్థానంలో తనిఖీ అధికారి వచ్చాడు. అన్నం ఇప్పుడు దయ కాదు, హక్కు. అందుకే బాగోలేకపోతే ఫిర్యాదు చేయడం కూడా సాధ్యమైంది.

సముద్రాలు దాటి వచ్చేవాళ్ళు

1926లో బెజవాడలో మొదలై తరవాత వాల్తేరుకు మారిన ఆంధ్ర విశ్వవిద్యాలయంతో ఈ ప్రాంతానికి ఉన్నత విద్య దగ్గరైంది. శ్రీకాకుళం పక్కన ఎచ్చెర్లలో 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరం జిల్లాలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, 2022లో జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం వచ్చాయి. ఇప్పుడు ఈ తీరానికి ఆఫ్రికా, ఆసియా దేశాల నుంచి కూడా విద్యార్థులు వస్తున్నారు. వాళ్ళలో ఎక్కువమంది గమ్యం విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం. భారత సాంస్కృతిక సంబంధాల మండలి ఉపకార వేతనాలు వాళ్ళలో కొందరికి ఆధారం.

వాళ్ళ విషయంలో పాత రోజుల్లో పెద్దమనిషి చేసిన పరిచయాన్ని కాగితాలు చేస్తాయి. 180 రోజులు మించిన విద్యార్థి వీసా మీద వచ్చినవారు 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. విదేశీయుడికి బస ఇచ్చిన హాస్టలైనా, ఇంటి యజమానైనా 24 గంటల్లో ఆ సంగతి అధికారులకు తెలియజేయాలి. పాస్‌పోర్టు, వీసా, ప్రవేశ పత్రం, ఫోటోల నకళ్ళు దగ్గర ఉంచుకోవడం తొలి రోజు నుంచీ అవసరం. భాష, కారం, ఎండ అన్నవి కాగితాలతో తీరేవి కావు. వాటికి సీనియర్ల సాయమే దిక్కు.

ఇక పాత ఏర్పాటు సంగతికొస్తే, వారాలిచ్చే ఇళ్ళు 1960లు, 70ల నాటికి దాదాపు కనుమరుగయ్యాయి. వసతి గృహాలు, ఉపకార వేతనాలు పెరగడం, కుటుంబాలు చిన్నవి కావడం, అడిగి తినడం చిన్నతనమని పిల్లలే భావించడం ఇందుకు కారణాలు. ఇప్పుడు విజయనగరం, రాజాం, ఎచ్చెర్ల కళాశాలల చుట్టూ ప్రైవేటు హాస్టళ్ళు, మెస్‌లు ఒక వ్యాపారంగా ఎదిగాయి. సంక్షేమ వసతి గృహంలో సీటు దొరకని పిల్లవాడు మాత్రం ఇప్పటికీ నలుగురితో కలిసి గది తీసుకుని, ఊరి బియ్యంతో చేతివంట చేసుకునే చదువుతున్నాడు.