నామాంతరము - న్యాయస్థానము

మన ప్రాంతపు పాత దస్తావేజులను పరిశీలించువారికి ‘ఉరఫ్’ అను పదము సుపరిచితము. ఒకని పేరు వ్రాసి, ప్రక్కన ఉరఫ్ అని చేర్చి, రెండవ పేరు వ్రాయుట లేఖకుల యాచారము. రెండు పేర్లును ఒక్క మనిషివే యని చెప్పుటయే ఆ పదము చేయు పని. పేరు మార్చుకొనుటకై నేడు న్యాయస్థానమును ఆశ్రయించువాడు కోరునదియు, నిశితముగా చూచినచో, ఇంతకు మించినది కాదు. న్యాయస్థానము పేరు పెట్టదు. పాత పేరువాడును క్రొత్త పేరువాడును ఒక్కడే యని నిర్ధారించును.

ఈ భావమునకు మూలము ఇంగ్లండు సామాన్యన్యాయమున కలదు. మోసపుచ్చు నుద్దేశము లేనంతవరకు ఎవరైనను తమకు నచ్చిన పేరుతో వ్యవహరింపవచ్చునని ఆ న్యాయము. దానికి సాక్ష్యముగా ఏర్పడినది ‘డీడ్ పోల్’ అను ఏకపక్షపత్రము. ఇరుపక్షముల యొప్పందమును ఒకే తోలుపై రెండుమారులు వ్రాసి, నడుమ రంపపు పండ్లవలె కత్తిరించి, చెరియొక భాగము నుంచుకొనుట అచటి పద్ధతి. ఒక్కని ప్రకటనకు అట్టి జంట యక్కరలేదు గనుక అంచు తిన్నగా కోయబడెడిది. ‘పోల్’ అను మాటకు ఆ తిన్నని కోతయే యర్థము. 1851 మొదలు పేరుమార్పు పత్రములు చాన్సరీ న్యాయస్థానపు చుట్టలలో నమోదగుచు వచ్చెను.

మనదేశమున పేరుమార్పునకు ప్రత్యేకమైన అఖిలభారత శాసనము లేదు. ప్రమాణపత్రము, పత్రికాప్రకటన, గెజిట్ ప్రచురణ - సాధారణముగా వీనితోనే పని నెరవేరును. ఎవరైనను కాదన్నపుడు గాని సివిలు దావా యవసరము కలుగదు. 1877 నాటి నిర్దిష్ట పరిహార చట్టపు 42వ సెక్షను, దాని స్థానమున వచ్చిన 1963 నాటి చట్టపు 34వ సెక్షను, ఒకని న్యాయపరమైన హోదాను మరియొకడు నిరాకరించినపుడు ప్రకటనరూపమైన డిక్రీ కోరుటకు అవకాశ మొసగినవి. ఆ డిక్రీ యిచ్చుట న్యాయమూర్తి విచక్షణకు లోబడినది.

ఇంటిపేరు విషయము వేరు. మన నామాంతర చరిత్రలో ముఖ్యమైన ద్వారము దత్తతయే. మహాకవి శ్రీశ్రీ పూడిపెద్ది వారింట జన్మించి, శ్రీరంగం వారికి దత్తుడగుటచే శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యెను. ఈ సంగతి నెరుగక వంశావళి వెదకు విద్యార్థికి జనకుని పేరే చిక్కదు. దత్తతలను గూర్చిన వ్యాజ్యములు మన జిల్లాల నుండి లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు సాగినవి. ఏకపుత్రుని దత్తత చెల్లునని ఆ సభ 1899లో తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యములన్నియు ఆస్తికొరకే. ఇంటిపేరు ఆస్తి వెంట నడచినది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టపు 12వ సెక్షనును చదివినను, జన్మకుటుంబముతో బంధము తెగుటను గూర్చి చెప్పునే గాని ఇంటిపేరు మాట యెత్తదు. ఆచారముపై అంత నమ్మకము! వివాహముతో ఇంటిపేరు మారిన స్త్రీలను సైతము ఏ న్యాయస్థానమును ప్రశ్నింపలేదు. పట్టా యొక పేరున, భూమి యొక పేరున నుండగా, రెండును తనవే యని నిరూపించుకొను భారము మాత్రము వారిపైననే పడినది.

2021 జూన్ 3న సుప్రీంకోర్టు, కేంద్ర మాధ్యమిక విద్యామండలి ధ్రువపత్రములకు సంబంధించిన వ్యాజ్యములలో, పేరు వ్యక్తిత్వమున అంతర్భాగమనియు, దానిపై అధికారము రాజ్యాంగపు 19వ అధికరణములోని భావప్రకటన స్వేచ్ఛకు చెందిన దనియు నిర్ణయించెను. పాఠశాల పత్రములతో సరిపోల్చి తప్పును దిద్దుట ఒకటి, క్రొత్తపేరును గ్రహించుట మరియొకటి యని విభజించి, రెండవదానికి న్యాయస్థానపు అనుమతి లేక ప్రకటనను, గెజిట్ ప్రచురణను మండలి కోరవచ్చుననెను. క్రొత్త పత్రమున పాత పేరును నిలిపి, మార్పు తేదీని, ఆధారమును సూచింపవలె నని నిర్దేశించెను. 1969 నాటి జనన మరణ నమోదు చట్టపు 15వ సెక్షనునందును ఇదే పోకడ: మూలమందలి వ్రాతను ముట్టక, అంచున దిద్దుబాటు వ్రాసి, రిజిస్ట్రారు సంతకమును తేదీని చేర్చవలెను.

చరిత్రపరిశోధకునకు ఇంతకన్న కావలసిన దేమి? కాని అదే తీర్పు ఒక మినహాయింపును చూపినది. మరవబడు హక్కు ననుసరించి పేరు మార్చుకొన్నవారి పత్రమున పాత పేరు కనబడనక్కరలేదు. ఇచట పరిశోధకుని ప్రయోజనమును వ్యక్తి ప్రయోజనమును విడిపోవుచున్నవి. పాత పేరు వలన బాధపడినవారు దానిని దాచుకొనగోరినపుడు, మన గ్రంథసూచికలలో నొక ఖాళీ ఏర్పడినను, వారి పక్షమే న్యాయమని నా యభిప్రాయము.