శాసనములలో దాత యెవరు? గ్రహీత యెవరు?



క్రయపత్రమున అమ్మినవాని పేరును కొన్నవాని పేరును రెండును ఉండును. ఇరువురును ఒకే యూరివారు కావచ్చును. ఐనను పేర్లు తారుమారైనచో పొలము పరులపాలగును. మన తిరుపతి శాసనములను పట్టికలుగా వ్రాయబూనువారికిని ఈ చిక్కే కలదు.

15వ శతాబ్ది యుత్తరార్ధమున, చంద్రగిరి నేలిన సాళువ నరసింహుడు వేంకటేశ్వరస్వామి నైవేద్యములకై గ్రామము లొసగెను. నివేదించిన ప్రసాదములో నాలుగవవంతు దాతకు చెల్లుట ఆనాటి యాచారము. నరసింహుడు తన వంతును రామానుజకూటములకు విడిచెను. వాని నిర్వాహకుడు కందాడై రామానుజయ్యంగారు. ఆ శాసనములలో అయ్యంగారు ప్రసాదభాగమును గ్రహించువారు. మఱికొన్నింట ఆయనయే దాత. శాసనముల తుదిని, ‘ఇది కోవెల కరణము తిరునిన్ఱవూరుడైయాన్ వ్రాత’ అని కానవచ్చును. ఆ పేరు తరతరముల కరణములకు చెల్లినది.

దేవస్థానమువారు 1931 మొదలు ఈ శాసనములను సంపుటములుగా ప్రకటించిరి. నేడు వీనిని కంప్యూటరున కెక్కించువారు రెండు పట్టికలు కట్టుదురు: ఒకటి శాసనములది, రెండవది మనుష్యులది. శాసనపట్టికలో ‘సంబంధించిన మనిషి’ అని ఒక్క గడియే యుంచినచో, అయ్యంగారు ఇచ్చిరో పుచ్చుకొనిరో తెలియదు. దాతలకొక పట్టిక, గ్రహీతలకొక పట్టిక వేఱుగా కట్టినచో, ఒక్క అయ్యంగారే ఇరువురగుదురు.

కావున మనుష్యుల పట్టిక ఒక్కటే యుండవలెను. అందు ప్రతివానికి ఒక సంఖ్య యుండవలెను. శాసనపట్టికలో దాత, గ్రహీత, లేఖకుడు అని మూడు గడులు వేఱువేఱుగా నుంచి, మూడింటను ఆ సంఖ్యనే వ్రాయవలెను. గడి పేరు స్థానమును తెలుపును; సంఖ్య మనిషిని తెలుపును. పేరు మాత్రమే వ్రాసినచో, తిరునిన్ఱవూరుడైయాన్ అను తాతయు మనుమడును ఒక్కరే యైపోవుదురు. ఇక ఒకే శాసనమున దాతలు పలువురున్నచో గడులు చాలవు. అప్పుడు మూడవ పట్టిక కట్టి, శాసనసంఖ్య, మనుష్యసంఖ్య, స్థానము అను మూడింటిని వరుసకొక్కరి చొప్పున వ్రాయవలెను.

ఇది లెక్కల పని మాత్రమే యని తలపకుడు. రాతిపై చెక్కించినవారు ఎవరి వంతు ఎవరికి చెల్లవలెనో ‘ఆచంద్రార్కము’ నిలుపగోరిరి. ఇచ్చినవానిని పుచ్చుకొన్నవానిగా వ్రాయుట, ఆ ధర్మమును రాతినుండి చెఱిపివేయుటయే యగునని నా మనవి.