మాచునూరు రేడియో: కోహీర్-జహీరాబాదు సీమలో అంతర్జాతీయ విద్యావిధానము

వికారాబాదునుండి బీదరునకు పోవు రైలుమార్గమున కోహీర్ దక్కన్ అను స్టేషను కలదు. దిగినవారికి మొదట కనబడునది ఎఱ్ఱనేల, జామతోటలు, జొన్న కంది చేలు. ఈ సీమ నైజాము కాలమున బీదరు జిల్లాలోనిది. 1956 నవంబరు 1న జరిగిన రాష్ట్రపునర్విభజనలో నిర్ణా సర్కిలు మినహా జహీరాబాదు తాలూకా మెదకు జిల్లాలో చేరెను. 2016లో సంగారెడ్డి జిల్లాలోనికి వచ్చెను. తెలుగు, కన్నడము, ఉర్దూ మాటలు ఇచట ఒకే వాక్యమున కలసి నడచును. పాఠ్యపుస్తకములోని తెలుగు ఈ పల్లెబిడ్డకు సగము పరాయిది. అంతర్జాతీయ విద్యావిధానములను గూర్చి వ్రాయువారు సాధారణముగా మహాసభల తీర్మానములతో మొదలిడి, గ్రామము చేరునప్పటికి అలసిపోవుదురు. అందుచేత నేను గ్రామమునుండియే బయలుదేరితిని.

అయినను ఒక్కమాఱు ఆకాశమువంక చూడవలసియున్నది. 1964లో యునెస్కో సహకారముతో వెలువడిన విల్బర్ ష్రామ్ గ్రంథము, వెనుకబడిన దేశములలో ప్రసారసాధనములు అభివృద్ధిని త్వరితము చేయునను సిద్ధాంతమును ప్రచారమునకు తెచ్చెను. ఆ సిద్ధాంతమునకు మనదేశమున జరిగిన గొప్ప పరీక్ష ఉపగ్రహ బోధన ప్రయోగము. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు, అమెరికావారు ఎరువిచ్చిన ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు టెలివిజను పాఠములు అందెను. ఆంధ్రప్రదేశ్ అందొకటి, తెలుగు కార్యక్రమములు హైదరాబాదు కేంద్రమున తయారగుచుండెను. ఉదయము పిల్లలకు, సాయంకాలము పెద్దలకు. సంకల్పము మంచిది. కాని మాట ఒకే దిక్కున ప్రవహించినది: చెప్పువాడు పట్టణమున, వినువాడు పల్లెయందు.

ఆ ప్రయోగమున పనిచేసిన దూరదర్శన్ నిర్మాతలలో పి. వి. సతీష్ ఒకరు. ఆయన కొందఱు మిత్రులతో 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించి, జహీరాబాదు చెంతనున్న పస్తాపూరు కేంద్రముగ పనికి దిగెను. దళితస్త్రీలు గ్రామసంఘములుగ కూడి, బీడుపడిన భూములను సాగునకు తెచ్చి, జొన్న, కొఱ్ఱ, సామ, కంది మున్నగువాని విత్తనములను తమ యిండ్లలో కాపాడుకొనిరి. ఏ విత్తనము ఏ నేలలో ఏ కార్తెలో వేయవలెనో చెప్పగలిగిన ఈ స్త్రీలలో చాలమంది జనాభా లెక్కలలో నిరక్షరాస్యులు. చదువని లెక్కకు వచ్చినవారికి తెలిసినదంతయు లెక్కకు రాలేదు. నేను చెప్పదలచిన చరిత్ర యంతయు ఈ చిక్కుచుట్టు తిరుగును.

1990 మార్చిలో థాయిలాండులోని జోమ్‌తియెన్ నందు అందఱికి విద్య యను మహాసభ జరిగినది. దాని ప్రకటనలోని మొదటి అధికరణము మనిషికి కావలసిన అభ్యసనసాధనములను పేర్కొనుచు, అక్షరాస్యత, గణితము, సమస్యాపరిష్కారములతోపాటు మౌఖిక వ్యక్తీకరణమును గూడ చేర్చెను. నోటిమాటకు అంతర్జాతీయ పత్రమున దక్కిన ఈ గౌరవమును మన పరిశోధకులు అంతగా గమనింపలేదు. పదేండ్ల తరువాత, 2000లో డాకర్ సభ నిర్ణయించిన ఆఱు లక్ష్యములలో ఆ మాట లేదు. కొలువగలిగిన ఫలితములు, వయోజన అక్షరాస్యతను 2015 నాటికి సగము మేర పెంచుట - ఇవి మిగిలినవి. కొలతకు లొంగనిదానిని పట్టికనుండి తొలగించుట కార్యాలయములకు సహజమే.

జోమ్‌తియెన్ పత్రములోని ఆ మఱవబడిన మాట కోహీర్‌కు పొరుగుననున్న ఝరాసంగము మండలములోని మాచునూరున బ్రదికినది. 1993లో అచట సంఘపు స్త్రీల బిడ్డలకై పచ్చసాలె యను బడి వెలసెను. (సాలె యను రూపము కన్నడపు శాలెకు దగ్గఱ, ఈ సీమ భాషను పరిశీలించువారు గమనింపదగును.) పుస్తకపు చదువుతోపాటు సేద్యము, వడ్రంగము, కుట్టుపని, మూలికావైద్యము అచట పాఠములు. పిమ్మట, ఎల్లలులేని అభ్యసనము అను తన కార్యక్రమము క్రింద యునెస్కో చేసిన సాయముతో 1998 నాటికి మాచునూరున రేడియో కేంద్రము అమరెను.

యంత్రములు వచ్చినవి, అనుమతి రాలేదు. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము ప్రకారము ప్రసారాధికారము అప్పుడు ప్రభుత్వమునదై యుండెను. 1995 ఫిబ్రవరి 9న సుప్రీముకోర్టు గాలితరంగములు ప్రజలసొత్తని తీర్పు చెప్పియుండెను. ఆ వ్యాజ్యము పుట్టినది క్రికెట్టు పోటీల ప్రసారమును గూర్చి యనుట చరిత్ర చేయు చిత్రములలో నొకటి. తీర్పు వచ్చినను విధానము రాలేదు. కొంతకాలమునకు విద్యాసంస్థలకు మాత్రము రేడియో అనుమతించిరి. గ్రామసంఘముల వంటి పౌరసంస్థలకు 2006 నవంబరులో గాని ద్వారము తెఱవలేదు. చదువుకొన్నవారి నోటికి ముందు, చదువురానివారి నోటికి తరువాత!

ఈ నడిమి పదేండ్లు వారు ఊరకుండలేదు. పాటలు, విత్తనముల ముచ్చట్లు, రోగములు, మందులు క్యాసెట్లపై ముద్రించి, ఊరూర సంఘముకూటములలో వినిపించిరి. విన్నవారు అచటనే తప్పులెన్నిరి, తమకు తెలిసినది చేర్చిరి. గాలిలో పోవని రేడియో కాలినడకన పోయినది. నా దృష్టిలో ఈ సంస్థ చరిత్రలో మిక్కిలి విలువైన ఘట్టమిదియే. అంతర్జాతీయ పురస్కారములనుగూర్చి వ్రాయువారు దీనిని రెండు వాక్యములలో దాటిపోవుదురు.

2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారము లారంభమయ్యెను. ఐక్యరాజ్యసమితి గ్రామీణ మహిళాదినోత్సవము మొదటిసారి జరిగినదియు ఆనాడే. ప్రారంభించినవారు 1995 తీర్పు వ్రాసిన న్యాయమూర్తి పి. బి. సావంత్. కేంద్రమును నడిపినవారు జనరల్ నర్సమ్మ, అల్గోలు నర్సమ్మ అను ఇరువురు దళితయువతులు. ప్రసారము పొలముపని ముగిసిన పిమ్మట, రాత్రివేళ. వినువారి మాటయే చెప్పువారి మాట. గ్రాంథికమున ఈ వ్యాసము వ్రాయుచున్న నాకు ఇది కొంత సిగ్గు కలిగించు విషయము.

ఇట్లని చదువు అక్కఱలేదని నేను వాదించుటలేదు. పట్టాకాగితమును తానే చదువలేని స్త్రీ ఎంతటి జ్ఞానవతియైనను మోసపోవచ్చును. ఈ మాట విడిచి మౌఖికజ్ఞానమును కీర్తించువారు తమ బిడ్డలను మాత్రము మంచి బడులకే పంపుదురు. పచ్చసాలెలో విత్తనమును, పుస్తకమును ఒక్కచోట నుంచుట ఈ కారణముననే నాకు నచ్చినది.

2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారు ఈ స్త్రీల సంఘములకు ఈక్వేటర్ బహుమతి నిచ్చిరి. 2023 అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరము. ఆ మార్చి 19న సతీష్ మరణించిరి.

1998కిని 2008కిని నడుమ ముద్రించిన క్యాసెట్లు తెలుగుశాఖలకు సంబంధించిన సొత్తు కూడ. గ్రామసీమ వ్యవసాయపదజాలమును, పాటలను పలుకుబడితో సహా పట్టియుంచిన ఇట్టి ఆధారములు అరుదు. అయస్కాంతపు టేపు కాలక్రమమున పొడి రాలి, ధ్వని కోల్పోవును. వేసవి సెలవులలో ఇద్దఱు పరిశోధకవిద్యార్థులు మాచునూరు పోయి, సంఘపువారి అనుమతితో వానిని విని, పలికినది పలికినట్లు వ్రాసికొనుటకు ముందుకు వచ్చినచో, పదముల అర్థము చెప్పుటకు ఆ పాడినవారిలో కొందఱైనను ఉండగనే పని ముగియును.